ఎదురింటి ఆటో కదిలేదాకా

ఆ ఆదివారం మధ్యాహ్నం మా టీవీ చెడిపోయిందనుకున్నాను. ఏదో ఇంగ్లీషు సినిమాకు అరవ మాటలు పెట్టి వేస్తున్నారు. ఒకడు నిద్ర లేస్తాడు, కనబడిన వాళ్ళందరి మీదా విసుక్కుంటాడు, పడుకుంటాడు. మళ్ళీ లేస్తాడు. మళ్ళీ అదే మంచం, అదే వీధి, అవే మొహాలు, అవే మాటలు.

"ఏమ్మే, వేసిందే వేస్తా ఉండారు. చానల్ మార్చు," అన్నాను కోడలితో.

"కథే అంత అత్తా. ఆయప్పకు తెల్లారినా మళ్ళా అదే దినం వస్తాది. రేపనేదే రాదు."

"పాపం, పెండ్లామన్నా చెప్పకూడదా వానికి?"

"పెండ్లే కాలేదు. నువ్వు ఊరికే చూడత్తా."

కోడలిది నగరి పక్కన పల్లె, తెలుగులోనే చదువుకుంది. నేను చెబుతున్నది ఇప్పుడు తనే రాస్తోంది. నాకు సంతకం వరకే వచ్చు.

సరే, చూశాను. రేపనేది లేదు కాబట్టి అడిగేవాడూ లేడని వాడు మొదట సంబరపడ్డాడు. తర్వాత ఎత్తులు వేశాడు. అవి పారక మూలన కూర్చుని ఏడ్చాడు. ఆ రోజును తిట్టడం మాని, తనను తాను దిద్దుకున్నాక గానీ వాడికి తెల్లవారలేదు. కోడలు పడీ పడీ నవ్వింది. నేనూ నవ్వాను. నవ్వుతూనే, ఇది నా కథే కదా అనుకున్నాను.

నేను తిరువళ్ళూరు దగ్గర ఒక ఫ్యాక్టరీ క్యాంటీనులో కూరగాయలు తరుగుతాను. తిరుత్తణిలో ఆరు దాటాక వచ్చే రైలు ఎక్కాలి. తిరువళ్ళూరు స్టేషను బయట కంపెనీ వ్యాను ఉంటుంది. రైలు తప్పితే వ్యాను తప్పుతుంది, వ్యాను తప్పితే ఆ పూట లేటు. ఇంటి నుంచి ఐదూ నలభైకి కదిలితే నాకు సరిపోతుంది. సరిగ్గా ఆ వేళకే ఎదురింటాయన షేర్ ఆటో తీస్తాడు. అక్కడే వచ్చింది చిక్కు.

నా మొగుడు చనిపోయిన ఏడాదే ఒకనాటి పొద్దున నేను వాకిలి తీయగానే ఎదురింటాయన ఆటో ఎక్కుతూ కనిపించాడు. నన్ను చూసి దిగిపోయి, లోపలికెళ్ళి నీళ్ళు తాగి, కాసేపు కూర్చుని బయలుదేరాడు. ఆ పూటే పళ్ళిపట్టు రోడ్డులో ఆటో టైరు పగిలింది. "ముండమోపి ఎదురొస్తే టైరు పగలక ఏమయితాది?" అని వాళ్ళమ్మ కొళాయి దగ్గర అందరికీ చెప్పింది. అప్పటి నుంచీ రోజూ తలుపు సందులోంచి చూస్తూ నిలబడడం నా పనైంది. ఆయన ఆటో కడుగుతాడు, విభూతి పూస్తాడు, ఊదొత్తి తిప్పుతాడు. శుక్రవారమైతే చక్రం కింద నిమ్మకాయ కూడా. ఆటో వీధి మలుపు తిరిగాకే నేను గడప దాటేదాన్ని. దాటి పరుగెత్తేదాన్ని. ఆ నెలలో అప్పటికే రెండుసార్లు రైలు తప్పింది. ఇంకొక్కసారి లేటైతే పేరు కొట్టేస్తానని సూపర్వైజరు చెప్పేశాడు. ఈ పని పోతే ఈ వయసులో నాకు ఇంకొకటి ఎవరిస్తారు?

సినిమా చూశాక నాకూ ఒక మొండితనం వచ్చింది. రోజూ వచ్చేది అదే పొద్దు కదా, ఒక్కో పొద్దు ఒక్కో దారి పట్టి చూద్దామనుకున్నాను.

సోమవారం ఇరవై నిమిషాలు ముందే బయటికి వచ్చాను. ఎదురింటి ముందు ముగ్గు వేస్తున్న వాళ్ళ ముసలమ్మ నన్ను చూసి, లోపలున్న కొడుకును "రేయ్, రావద్దు! ఆడే ఉండు!" అని కేకేసింది. మంగళవారం నాకంటే ముందే వాళ్ళు ఆటో బయటికి తీసి కడగడం మొదలుపెట్టారు. బుధవారం నేను ఇంకా ముందు, సరిగ్గా ఐదుకు తలుపు తీశాను. ఎదురుగా ఆయనా అప్పుడే తలుపు తీశాడు. ఇద్దరమూ ఒకేసారి మూసుకున్నాం. నేను పోవాలని ఆయన, ఆయన పోవాలని నేను, సందుల్లోంచి ఒకరినొకరు చూసుకుంటూ ముప్పావు గంట! చివరికి ఆయనే కదిలాడు. నేను చెప్పులు చేత పట్టుకుని ఉరికి, ఆఖరి పెట్టెలో పడ్డాను.

గురువారం పెరటి సందులోంచి పోయాను. మురుగుకాలువ దాటబోయి జారాను. మోకాళ్ళ దాకా బురదతో రైలెక్కితే జనం నాకు దారే కాదు, సీటు కూడా వదిలి దూరం జరిగారు.

శుక్రవారం నా తెలివంతా వాడాను. నిండు బిందె ఎదురొస్తే శుభం కదా? బిందె నిండా నీళ్ళు పట్టి, చంకన పెట్టుకుని, వాకిలి తీశాను. నిమ్మకాయ తొక్కించబోతున్న ఎదురింటాయన బండి ఆపేశాడు.

"నీళ్ళ బిందె మంచిదే కదరా, పో!" అంది ముసలమ్మ.

"మంచిదే మా. ఎత్తుకోనొచ్చింది ఎవురో చూడు."

"అయితే బిందెనే చూడు, ఆ యమ్మను చూడొద్దు."

"అదెట్ల మా? బిందె ఒంటిగా నడిచొస్తాదా?"

"మీ నాయినుంటే చెప్పుండేవాడు, రెండిట్లో ఏది పెద్దదో."

ముసలమ్మకూ మొగుడు లేడు, కన్నతల్లి ఎదురైతే మాత్రం దోషం లేదట. వాళ్ళు తేల్చుకునేదాకా నేను బిందెతో అలాగే నిలబడ్డాను. నవ్వొస్తోంది, నడుము పడిపోతోంది. ఈలోగా రైలు పోయింది.

ఆ రోజు క్యాంటీనులో సూపర్వైజరు, "ఏమ్మా, ఇంక ఇంటికి పోతావా?" అన్నాడు. నాతో తరిగే ఆడవాళ్ళంతా కత్తిపీటలు వదిలి లేచి అడిగారు నా కోసం. "రేపొక్కరోజు చూస్తాను," అన్నాడు.

సాయంత్రం రైల్లో కిటికీ పక్కన కూర్చుని ఆలోచించాను. వారమంతా నేను చేసిందేమిటి? వాళ్ళ శకునంలో నన్ను ఎలా ఇముడ్చుకోవాలా అని చూశాను. ముందు పోవడం, వెనక పోవడం, బిందె ఎత్తడం. టైరు పగిలింది నా మొహం వల్ల కాదని ఒక్కసారైనా అనుకున్నానా? లేదు. నేనూ నమ్మాను. నమ్మకుంటే తలుపు వెనక ఎందుకు నిలబడతాను?

ఇంకొకటీ ఉంది, చెప్పడానికి నోరు రావడం లేదు. చెబుతాను. మా చిన్నమ్మ మొగుడు పోయి మా ఇంట్లోనే ఉండేది. నా మొగుడు పనికి బయలుదేరే వేళ ఆమెను వెనక కొట్టంలోకి పొమ్మని నేనే చెప్పేదాన్ని. ఒకసారి వానలో ఆమె తెలియక ముందువైపు వస్తే, మొగుణ్ణి వెనక్కి పిలిచి నీళ్ళు తాగించాను, ఆమె చూస్తుండగానే. ఆమె తడుస్తూనే తిరిగి కొట్టంలోకి పోయింది. ఆమె పోయి చాలా కాలమైంది. ఎవరిని క్షమించమని అడగను?

శనివారం ఐదూ నలభైకి తలుపు బార్లా తీశాను. కోడలు టిఫిను డబ్బా చేతికిస్తూ, "నేనూ రానా అత్తా?" అంది. వద్దన్నాను.

ఎదురింటాయన ఊదొత్తి పట్టుకుని ఉన్నాడు. ముసలమ్మ అరవబోయింది. నేను వీధి మధ్యకు నడిచి నిలబడ్డాను. నా గొంతు నాకే పెద్దగా వినిపించింది.

"అబ్బయ్యా, నేను పనికి పోతా ఉండాను. రోజూ ఇదే టైముకు పోతాను. నీకు కావాలంటే లోపలికి పోయి నీళ్ళు తాగు, నేను కాదనను. దాక్కోను మాత్రం."

"పొద్దన్నే ఏందక్కా ఇది? నేనేమన్నా అంటినా?"

"నువ్వు అన్లేదు. అందుకే నేను చెప్తా ఉండాను."

"మొగుడు పోయినా నోరు మాత్రం పోలేదు దీనికి," అంది ముసలమ్మ.

"అది నాతోనే ఉండాది పెద్దమ్మా, యాడికి పోతాది?" అన్నాను.

ఆయనకు నవ్వొచ్చింది. తల వంచుకుని దాచుకున్నాడు. నవ్వినా లోపలికైతే వెళ్ళాడు. కుండ మీద చెంబు చప్పుడు నాకు వినబడింది. నేను వెనక్కి చూడలేదు. రైలు రావడానికి ఇంకా టైముంది, ప్లాట్‌ఫారం మీద కూర్చుని టీ కూడా తాగాను.

సినిమాలో వాడికి తెల్లవారాక వీధంతా మారిపోయింది. మా వీధి అలా మారలేదు. ఎదురింటాయన ఇప్పటికీ నన్ను చూడగానే లోపలికి పోతాడు, నీళ్ళు తాగుతాడు. ముసలమ్మ గొణుగుతుంది. క్యాంటీనులో మాత్రం ఆ శనివారం నుంచి నా పేరు పక్కన లేటు పడలేదు. మొన్న ముసలమ్మ ముగ్గు మీద నుంచి తలెత్తి, "కొంచేపు ఆగితే ఏం పోతాదే నీకు?" అని అడిగింది.

"రైలు పోతాది పెద్దమ్మా," అని ముగ్గు తొక్కకుండా పక్క నుంచి నడిచాను.