బావ నిద్రకు బెల్లం మూట

ఆ రోజుల్లో గోదావరిఖని క్వార్టర్లలో పగటి నిద్రకున్న మర్యాద దేవుడికి కూడా ఉండేది కాదు. బొగ్గుబాయిలో నైట్ షిఫ్టు చేసొచ్చిన మనిషి పడుకున్నాడంటే గిన్నె కింద పెట్టాలన్నా భయమే. (పక్కింటి కోడిని సైతం మా అక్క వేలు చూపించి బెదిరించేది.) పెళ్లికి ముందు కొన్నాళ్లు నేను అక్కకు సాయంగా అక్కడున్నాను. నా డ్యూటీ ఒక్కటే, ఆమె ఏడాదిన్నర కొడుకు బుజ్జిగాడు ఏడవకుండా చూడటం. "మీ బావకు నిద్ర సాలకుంటే బాయిల కన్ను మూతవడ్తది. పోరడు కిక్కురుమనద్దు!" అనేది అక్క.

వాడు గొంతు విప్పితే షిఫ్టు సైరన్ దండగ. అందుకని నేనో ఉపాయం కనిపెట్టాను (అప్పట్లో నా తెలివి మీద నాకు గట్టి నమ్మకం). పల్చటి గుడ్డలో బెల్లం ముక్క మూటకట్టి వాడి నోట్లో పెట్టేదాన్ని. చీకుతూ నిద్రపోయేవాడు, నిద్రలోనూ చీకేవాడు. "నా చెల్లె ఉన్నదంటే నాకు ఫికర్ లేదు" అని అక్క మురిసిపోయేది.

అంతలో కాలనీలో బొద్దు పిల్లల పోటీ పెట్టారు. బహుమతి మావాడిదేనని అక్క ముందే తీర్మానించేసింది. డాక్టరమ్మ వాడి బుగ్గలు పుణికి, "ఏదీ, నవ్వు నాన్నా" అంది. నవ్వాడు. ముందు పళ్లన్నీ నల్లగా పుచ్చిపోయి ఉన్నాయి. (ఇంట్లో మేమూ చూశాం. బెల్లం మరకనుకున్నాం.) "ఈయనగారిది ఏ షిఫ్టమ్మా?" అందావిడ. జనం గొల్లుమన్నారు. "పాలపండ్లే గద మేడమ్, ఊడిపోయేటియే" అని, బెల్లం మూట సంగతి చెప్పి నేను సర్దబోయాను. "ఊడేదాకా నొప్పి నువ్వు పడతావా? నిద్రలో తీపి నోట్లో నిలవుంటే పుచ్చవూ!" అని ఆవిడ కసిరింది.

ఇంటికి రాగానే అక్క ఆ మూటను పొయ్యిలో పారేసింది. మర్నాడు బావ కునుకు తీశాడో లేదో, బుజ్జిగాడు రాగం లంకించుకున్నాడు. బావ లేచి కూర్చున్నాడు. జరిగిందంతా నేనే చెప్పాను.

"నా నిద్ర కోసం పోరని పండ్లు ఖరాబు జేసిండ్రా? నన్ను లేపితే ఏమైతుండె? ఇటు తే!" అని వాణ్ని గుండె మీద వేసుకున్నాడు. వాడు కాసేపు వెక్కి, తండ్రి మీసం పట్టుకుని నిద్రపోయాడు. అప్పటికే బావ గురక పెడుతున్నాడు. ఇంత సులువని మాకు తెలిస్తే కదా!

బుజ్జిగాడికి తర్వాత చక్కటి పళ్లే వచ్చాయి. ఇప్పుడు నావే పెట్టుడు పళ్లు. "చిన్నమ్మా, బెల్లం తినకు, పండ్లు పోతయ్" అని వాడు ఫోన్లో ఎగతాళి చేస్తాడు. ఇంకేం పోతాయి నా మొహం! నిద్ర పట్టనప్పుడు పళ్లు గ్లాసులో వేసి, బెల్లం ముక్క బుగ్గన పెట్టుకుంటాను. నిద్ర మాత్రం, మీసం పట్టుకున్న ఆ పోరడికి వచ్చినంత జల్ది రాదు.