రెండో ఈల

మొన్న మధ్యాహ్నం నరసరావుపేటలో అన్నం తిని కాస్త కునుకు తీస్తుంటే, దిండు కింది ఫోను గావుకేక పెట్టింది. తీరా చూస్తే విపత్తు హెచ్చరికల పరీక్షట, కంగారు పడవద్దని అందులోనే రాసి ఉంది. హడలగొట్టి ఆపైన కంగారు వద్దనడం అంత మర్యాద కాదు గానీ, మళ్లీ కళ్లు మూసుకున్న నాకు ఇరవై ఏళ్ల నాటి సముద్రం వచ్చి మంచం కోళ్లను తడిపినట్టనిపించింది.

ఆ రోజుల్లో నేను గురజాలలో భూగోళం చెప్పేవాణ్ణి. సముద్రం అడుగున నేల పలకలు జరిగితే పైనున్న నీరంతా ఒక్కసారిగా లేస్తుందనీ, నడిసంద్రంలో విమానమంత వేగంతో పోతూ కూడా పడవవాడికి తెలియనంత పొట్టిగా ఉండే ఆ అల, ఒడ్డు దగ్గర లోతు తగ్గేకొద్దీ నెమ్మదించి, వెనక నీరు ముందు నీటి మీదికెక్కి గోడలా నిలబడుతుందనీ బోర్డు మీద గీసి చూపేవాణ్ణి. అల వచ్చేముందు ఒక్కోసారి సముద్రం వెనక్కి పోతుందన్న మాట రాయని పిల్లలకు ఒక మార్కు కోసేవాణ్ణి. సముద్రాన్ని మాత్రం అప్పటికి చూడలేదు. మా పల్నాట్లో దానితో పెద్దగా పని పడదు.

నాలాగే చూడనివాడు మా మేనమామ. పిడుగురాళ్ల సున్నపురాయి క్వారీలో ఎర్రగుడ్డ పట్టుకుని నిలబడే పని ఆయనది. రాతిలో మందు పేల్చేముందు ఆయన ఈల వేస్తే అందరూ పరుగెత్తాలి. పేలాక, లోపల పేలని మందేదీ మిగల్లేదని తేల్చుకుని రెండో ఈల వేసేదాకా యజమానైనా సరే గుంతలోకి దిగకూడదు. రెండు వేల నాలుగు డిసెంబరు చివరి ఆదివారం, ఆయన్నీ అయిదేళ్ల మా అమ్మాయినీ వెంటబెట్టుకుని బాపట్ల వైపు తీరానికి పోయాను.

మొదటి నీరు పెద్ద హడావుడి చేయకుండా సరుగుడు తోట దాకా వచ్చి, మా మోకాళ్లు తడిపి, చెప్పులు తీసుకుని వెనక్కి పోయింది. పోతూనే ఉంది. పడవలు పక్కకు ఒరిగి పడుకున్నాయి, ఎన్నడూ ఎండ చూడని ఇసుక మడతలు మెరిశాయి, చేపలు వెండి రేకుల్లా ఎగిరిపడ్డాయి, అలల చప్పుడన్నదే లేదు. ఎంత బాగుందో అనుకుంటూ, అమ్మాయి చెయ్యి పట్టుకుని ఆ తడి నేల మీదికి నడిచాను. నాకు ఎన్ని మార్కులు కోయాలో మీరే చెప్పండి.

వెనక నుంచి ఈల వినబడింది.

"ఒరేయ్ అల్లుడూ, యాడికిరా? పిల్లను తీసుకుని ఎనక్కి రా! రెండో ఈల పడలా!"

తిరిగి చూస్తే మామయ్య ఎర్ర తువాలు పైకెత్తి, ఇసుకలో పడున్న వల కోసం దిగబోతున్న ఒకావిడకు అడ్డంగా నిలబడ్డాడు.

"ఎవరయ్యా నువ్వు? మా సముద్రానికి కాపలా పెట్టారా నిన్ను?"

"ఒక మందే పేలిందమ్మాయ్. ఇంకోటి లోపలుంది."

"నీళ్లల్లో మందేందయ్యా, పిచ్చోడా! వల పోతే నువ్వు తెచ్చిస్తావా?"

"ఆ దిబ్బెక్కి తిట్టు. చానా బాగా వినపడుద్ది."

ఆయన వెనక్కి నడుస్తుంటే, తిట్టడానికి దగ్గరుండాలి కనుక ఆవిడా వెంట నడిచింది. ఇద్దరూ అలాగే తోట వెనకున్న ఇసుక దిబ్బ ఎక్కారు. పిల్లనెత్తుకుని నేనూ ఎక్కాను. అప్పుడొచ్చింది అసలుది. పడవలు సరుగుడు చెట్ల మధ్యకు నడిచొచ్చాయి. ఆవిడ తిట్టు సగంలో ఆగిపోయింది. ఆ వలా, ఒడ్డునున్న ఆవిడ గుడిసే మళ్లీ కనబడలేదు. ఆవిడ ఊళ్లో బోరు నీళ్లు ఉప్పగా మారి, వేటకు పడవల్లేక, వాళ్లంతా చానాళ్లు బడిలోనే తలదాచుకున్నారని తర్వాత తెలిసింది.

సాయంత్రం దాకా మామయ్య ఎవరినీ దిగనివ్వలేదు, తను కూర్చోనూలేదు. పొద్దు వాలి, అలలు మామూలు గొంతుతో మాట్లాడడం మొదలెట్టాక, నోట్లో వేళ్లు పెట్టి పొట్టిగా ఒక్క ఈల వేశాడు. అప్పుడు గానీ ఆవిడ తన వల వెతుక్కోవడానికి దిగలేదు.

చేపలు ఏరుకోనివ్వలేదని మా అమ్మాయికి ఆ అలక ఇంకా తీరలేదు. మామయ్య పోయి చాలా కాలమైంది. క్వారీలో ఇప్పుడు ఈల పని కరెంటు సైరనుది. నా ఫోను చాలా తెలివైనదే, కానీ దానికి మొదటి ఈల ఒక్కటే వచ్చు. మొన్న దాన్ని చేతిలో పట్టుకుని, ఇక దిగొచ్చని ఎవరైనా చెబుతారేమోనని పొద్దు వాలేదాకా వరండాలో కూర్చున్నాను.