నేనే ఏదో నొక్కుంటానండీ

ఆమె పేరు రాయడానికి నాకు మొహం చెల్లదు. పెడనలో ఒక కలంకారీ షెడ్డులో డిజైన్ల కంప్యూటర్ చూసుకునేది. అద్దకం బల్ల దగ్గర్నుంచి వచ్చి, పట్టుబట్టి ఆ పని నేర్చుకుంది. కీబోర్డు ముట్టుకునే ముందు ప్రతిసారీ వేళ్లు కొంగుకు తుడుచుకునేది. ఆ రంగు తుడిస్తే పోయేది కాదు.

నేను బందరు నుంచి వెళ్లి అక్కడి లినక్స్ కంప్యూటర్లు బాగుచేసేవాణ్ణి. ఆమెను అక్కా అని పిలిచేవాణ్ణి. ఒకసారి ఆమె కంప్యూటర్ వేగం పెంచుదామని, వెనకాల నడిచే సర్వీసుల్లో అనవసరం అనిపించినవి ఆపేశాను. నెట్‌వర్కులో ప్రింటర్‌ని పేరుతో వెతికిపెట్టే సర్వీసు కూడా వాటితో పాటే ఆగిపోయింది.

మర్నాడు ఫోన్ వస్తే వెళ్లాను. ప్రింటర్ పేరే కనపడటం లేదని ఓనరుగారు అరుస్తున్నారు.

"నేనే ఏదో నొక్కుంటానండీ," అంటోంది అక్క. ఏది ఆగినా ఆమె అనే మాట అదే.

చూడగానే నాకు తెలిసిపోయింది. ఆ సర్వీసును మళ్లీ నడిపించగానే ప్రింటర్ పేరు వచ్చేసింది.

"రంగు చేతులతో కెలకొద్దని చెప్పానా?" అన్నారాయన ఆమెతో.

నేను తలొంచుకుని బ్యాగు జిప్పు వేసుకున్నాను.

"నా పరువు నిలబెట్టావు తమ్ముడూ," అంటూ ఆమె టీ తెప్పించింది. ఆ టీ తాగాను కూడా.

నెల తర్వాత వెళ్తే ఆ కుర్చీలో వేరే అమ్మాయి ఉంది. అక్క మళ్లీ అద్దకం బల్ల దగ్గర కనిపించింది.

"నేనే మానేశాను తమ్ముడూ. నేను ముట్టుకున్నప్పుడల్లా నువ్వు బందరు నుంచి పరిగెత్తుకు రావాలి కదా," అంది.

నాకు కుర్చీ జరపబోతూ, వేళ్లు కొంగుకు తుడుచుకుంది.