నంబర్ ఫోర్ మీద నా డౌటు

ఆ రోజుల్లో నాకు ఫోన్ మోగితే భయం, మోగకపోతే ఇంకా భయం. శాంటా క్లారాలో అప్పుడే ఎమ్మెస్ పూర్తి చేసి, చదువయ్యాక మనకిచ్చే ఓపీటీ గడువు మీద మొదటి ఉద్యోగం చేస్తున్నాను. ఆ ఉద్యోగం పోతే ఇంకోటి దొరికేలోపు రోజులు లెక్కపెట్టుకోవాలి, రోజులైపోతే పెట్టె సర్దుకోవాలి. తోటివాళ్ళంతా సాఫ్ట్‌వేర్ కంపెనీల్లో చేరితే, నేను మాత్రం ఆడవాళ్ళ ఫుట్‌బాల్ క్లబ్బులో డేటా అనలిస్టుగా చేరాను. ప్రాక్టీసులో ప్లేయర్లు వేసుకునే చొక్కాల్లో చిన్న మెషీన్ ఉంటుంది. ఎవరెంత దూరం, ఎంత వేగంగా పరిగెత్తారో అది చెబుతుంది. ఆ అంకెల్ని షీట్‌లోకి ఎక్కించి కోచ్‌కి పంపడం నా పని. ఇది ఆ ఊళ్ళోనే ఉండే మా పిన్నికి మింగుడుపడేది కాదు. "మా ఫ్రెండ్స్ పిల్లలందరూ క్లౌడ్ అంటారు, ఏఐ అంటారు. నువ్వేమో వాళ్ళెవరో ఎంత పరిగెత్తారో చూస్తున్నానంటావు. నలుగురిలో ఏమని చెప్పుకోనే?" అనేది. (నలుగురిలో నన్ను డేటా సైంటిస్టని చెప్పుకుందని తర్వాత తెలిసింది.)

మా టీమ్‌లో నంబర్ ఫోర్ ఒక జర్మన్ డిఫెండర్. గోల్ దగ్గరికి ఎవర్నీ రానివ్వదని టీమంతా ఆవిణ్ణి 'వాల్' అని పిలిచేవాళ్ళు. నేను గోడ అనుకునేదాన్ని, మా పిన్నికి గోడమ్మాయి. మా అపార్ట్‌మెంట్ కాంప్లెక్స్‌లోనే ఉండేది. ఆవిడకి ఇక్కడి ఫ్రీవేలంటే చిరాకు, నాకేమో ఒక పాత కారుంది, అందుకని రోజూ కలిసి ప్రాక్టీసుకి వెళ్ళేవాళ్ళం. ఆవిడ కెరీర్ మొత్తం నేను ట్రాఫిక్‌లో విన్నదే. ఊళ్ళో అమ్మాయిల టీమ్ లేక ఆరేళ్ళప్పుడు మగపిల్లలతో ఆడటం, పదిహేడేళ్ళకి పెద్ద క్లబ్బు, ఇరవై మూడేళ్ళకి జర్మనీ జట్టు జెర్సీ, ఆ జెర్సీలో ఆడింది అయిదంటే అయిదు మ్యాచులు, ఆపైన కుడి మోకాలికి ఆపరేషను, మళ్ళీ ఆట, మళ్ళీ అదే మోకాలికి ఇంకో ఆపరేషను. ఇదంతా బస్సు టైములు చదివినట్టు చెప్పేది. మొహమాటం ఎరగని మనిషి. ఒకసారి పిన్ని ఇంటికి భోజనానికి తీసుకెళ్తే, ఇంకొంచెం పులిహోర వడ్డించబోయిన పిన్నికి చెయ్యి అడ్డుపెట్టి, "నో. కడుపు నిండింది," అంది. అంతే, నిజంగానే ఇంక తినలేదు. పులుపెక్కువైందా, ఉప్పు తక్కువైందా అని పిన్ని నన్ను మూడు రోజులు వేధించింది.

ఆ ఏడాది ఆవిడకి ముప్పై ఒకటి. రెండో ఆపరేషన్ తర్వాత ఆటలోకి తిరిగొచ్చి రెండు నెలలైంది. అమెరికాలో ఆడుతున్న జర్మన్లని చూడటానికి వాళ్ళ దేశపు సెలెక్టర్ వచ్చాడనీ, శనివారం మా మ్యాచ్‌కి వస్తాడనీ కబురొచ్చింది. ఆయనకి నచ్చితే జట్టులోకి మళ్ళీ పిలుపొస్తుంది. నచ్చకపోతే ఆ వయసులో, ఆ మోకాలితో, ఇంకో అవకాశం ఉండదు. ఆ వారమంతా కార్లో ఆవిడ మోకాలి మీద చెయ్యి తియ్యలేదు.

గురువారం నాటి షీట్ చూస్తే, మా గోల్‌కీపర్ గోడ కన్నా రెండింతలు పరిగెత్తినట్టుంది. గోల్‌కీపర్ ఎక్కడికి పరిగెడుతుంది? ఇద్దరి చొక్కాలూ మారిపోయి ఉంటాయని నాకనిపించింది. పిన్నిని కళ్ళ డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళే తొందరలో కోచ్‌కి ఇంగ్లీషులో ఒక మెసేజ్ కొట్టాను: 'నంబర్ ఫోర్ గురించి నాకొక డౌట్ ఉంది. రేపు ఆవిడ్నే అడిగి చెప్తాను.' కొట్టి, ఫోన్ సైలెంట్‌లో పడేశాను. మనకి డౌటంటే అడగాల్సిన ప్రశ్న. చిన్నప్పుడు మా లెక్కల మాస్టారు, "డౌట్లుంటే అడగండి," అంటే తనని అనుమానించమని కాదు కదా! ఇరవై నాలుగేళ్ళొచ్చినా ఆ మాటకి ఇంకో అర్థం ఉందన్న సంగతి నా బుర్రకి తట్టలేదు. కోచ్ రెండుసార్లు ఫోన్ చేసిందని సాయంత్రం చూశాను. ఆఫీసు టైము దాటాక పెద్దవాళ్ళకి ఫోన్ చేస్తే బాగుండదని (ఈ మర్యాద నాకెవరు నేర్పారో తెలీదు) ఊరుకున్నాను.

శుక్రవారం పొద్దున్న గోడ కారెక్కి తలుపు ధడాలున వేసింది. "నన్ను డౌట్‌ఫుల్ అని లిస్టులో పెట్టారు," అంది. మ్యాచ్‌కి ముందు క్లబ్బు ఒక లిస్టు బయటపెడుతుంది. ఆడటం అనుమానం అనిపించిన వాళ్ళ పేరు పక్కన ఆ మాట రాస్తారు.

"అయ్యో! మోకాలు నొప్పా?"

"మోకాలు బాగానే ఉందని ఫిజియో చెప్పాడు. కానీ అంకెల్లో ఏదో కనబడిందట. కోచ్ రిస్క్ వద్దనుకుంది."

నాకు ఒళ్ళు మండిపోయింది. "ఏం అంకెలు? ఎవరిచ్చారు? ఆ మాత్రం బాధ్యత ఉండక్కర్లేదా?" అని స్టీరింగ్ మీద ఒక్క గుద్దు గుద్దాను.

"నువ్వే ఇచ్చావు. డౌట్ ఉందని రాశావు," అంది గోడ.

"అది ఆ డౌట్ కాదు," అన్నాను. "మరే డౌట్?" అంది. "ఇంకో డౌట్," అన్నాను. దిగాల్సిన ఎగ్జిట్ దాటిపోయాం. చుట్టు తిరిగొచ్చి క్లబ్బు పార్కింగ్‌లో దిగి, ఒక పెద్ద వ్యాను చాటున నిలబడి పిన్నికి ఫోన్ చేశాను.

"డౌటంటే డౌటే కదే! అందులో తప్పేముంది?" అంది పిన్ని. విషయం మొత్తం విన్నాక, "చెప్తే ఉద్యోగం తీసేస్తారంటావా?" అంది. తీసేస్తారేమో అన్నాను. "తీస్తే తియ్యనీవే. బాబాయ్‌ని ఇంకోటి చూడమంటాను. ఆ పిల్లకి ఇంకోటి ఎవరు చూస్తారు? వెళ్ళి చెప్పు ముందు."

వెళ్ళాను. కోచ్ టేబుల్ అంచు పట్టుకుని చెప్పాను. కోచ్ కళ్ళజోడు తీసి, "అంటే నీకు అనుమానం లేదు, ప్రశ్న ఉంది," అంది. అవునన్నాను. "ఆ ప్రశ్నేంటి?" "చొక్కాలు మారాయా అని." గోల్‌కీపర్‌ని పిలిచి అడిగితే, మారాయని నవ్వుతూ చెప్పి వెళ్ళిపోయింది. కోచ్ మాత్రం నవ్వలేదు. లిస్టు చూసి ఆ సెలెక్టర్ ఇంకో ఊరి మ్యాచ్‌కి టికెట్ మార్చుకున్నాడట. ఆయనకి ఫోన్ చేస్తే ఎత్తలేదు, మెసేజ్ పెట్టింది. "నువ్విక వెళ్ళు," అంది నాతో. వెళ్ళమన్నది గదిలోంచా, ఉద్యోగంలోంచా అని డౌటొచ్చింది గానీ, అడిగే ధైర్యం లేకపోయింది.

తిరిగొస్తూ కార్లో సారీ చెప్పాను, ఏడ్చాను కూడా. గోడ ముందున్న రోడ్డుకేసే చూస్తూ, "లిస్టు చూడగానే ముందు నాకు కోపం రాలేదు. నేను దాస్తున్నది నీకు కనబడిపోయిందని భయమేసింది. మోకాలి మీద నాకే డౌట్ ఉంది," అంది.

"మా వాళ్ళ డౌటా, ఇక్కడి డౌటా?" అన్నాను ముక్కు తుడుచుకుంటూ.

"ఇక్కడిదే," అంది. ఆ వారంలో మొదటిసారి కొంచెం నవ్వింది.

శనివారం మ్యాచ్ మొదలైంది. గోడ ఆడుతోంది. సెలెక్టర్ కోసం ఉంచిన సీటు ఖాళీగా ఉంది. నేను లాప్‌టాప్ ముందేసుకుని ఒకసారి ఆ సీటునీ, ఒకసారి ఆ మోకాలినీ చూస్తూ కూర్చున్నాను. అవతలి జట్టమ్మాయి దూసుకొచ్చినప్పుడల్లా, గోడ కాలు అడ్డం పెట్టినప్పుడల్లా ఒక్కో దేవుడికి మొక్కేదాన్ని. పావుగంట గడిచింది. ఇరవై నిమిషాలు గడిచాయి. దేవుళ్ళందరికీ మొక్కేసి, ఇంక మొక్కడానికెవరూ మిగలక మళ్ళీ మొదటి దేవుడి దగ్గరికొచ్చేసరికి, బ్యాగు భుజాన వేసుకుని ఒక తెల్లజుట్టాయన ఆయాసపడుతూ వచ్చి ఆ సీట్లో కూర్చున్నాడు. గోడకి ఆయన సంగతి తెలుసో లేదో, ఆఖరి విజిల్ దాకా ఎవర్నీ గోల్ దగ్గరికి రానివ్వలేదు.

ఆయన ఆవిణ్ణి ఎంపిక చెయ్యలేదు. మూడు వారాల తర్వాత వాళ్ళ జట్టు ప్రకటించారు, ఆ స్థానంలో పంతొమ్మిదేళ్ళ అమ్మాయి పేరుంది. నేను కుమిలిపోతుంటే గోడే నన్ను ఓదార్చింది. "చూసి వద్దన్నాడు. అది వేరు," అంది. ఇంకో రెండు సీజన్లు మాకే ఆడి, వాళ్ళ ఊరెళ్ళి ఇప్పుడు చిన్నపిల్లలకి ఆట నేర్పుతోంది. అక్కడ అమ్మాయిల టీమ్ ఉందిప్పుడు. ఆవిడే పెట్టింది.

నా ఉద్యోగం పోలేదు. కానీ మ్యాచ్ అయిన సోమవారం కోచ్ నన్ను పిలిచి, ఆట జరుగుతుండగా నేను నింపాల్సిన నోట్స్ షీట్ ముందు పెట్టింది. తొంభై నిమిషాల ఆట, షీటంతా ఖాళీ. మధ్యలో ఒక్కచోట మాత్రం ఏదో రాసుంది. "ఇదేమన్నా అంకెనా?" అంది కోచ్. వంగి చూశాను. ఎప్పుడు కొట్టానో నాకే తెలీదు, తెలుగులో ఒక్క మాట: 'వచ్చాడు.' ఆ షీట్ ఇప్పటికీ నా దగ్గరుంది. తెరిచినప్పుడల్లా నవ్వొస్తుంది, ఆ వెనకే ఆ మాట కొట్టిన ఇరవై నాలుగేళ్ళ పిల్ల మీద జాలేస్తుంది. పక్కన కూర్చుని, "మొక్కింది చాల్లేవే, కాస్త ఆట చూడు, ఎంత బాగా ఆడుతోందో," అని చెప్పాలనిపిస్తుంది.