మొగలి డొంకలో పడింది నేనే

మా బావ మా నాన్న గుర్రాన్ని దారికాచి లాక్కుపోయాడని మా చుట్టాల్లో పాతికేళ్లుగా ఒక కథ నడుస్తోంది. మొన్న మా మేనకోడలి అత్తవారింట్లో ఎవరో దాన్ని మళ్లీ నవ్వులాటకు ఎత్తారట. "గుర్రాలెత్తుకుపోయినోడి కూతురువి గదా, మా ఎడ్లు జాగర్త" అన్నారట. ఆ పిల్ల పుట్టింటికి వచ్చి ఏడ్చిందని విని ఇది రాస్తున్నాను. ఆ కథ కట్టినవాణ్ణి నేనే.

గుర్రమంటే పెద్ద గుర్రం కాదు, తట్టు. దాని వీపు నా నడుముకు కాస్త పైకి వచ్చేది. బూడిద రంగు, బాన కడుపు. మా ఊరు పలాస స్టేషనుకూ సముద్రానికీ నడుమ ఉంది. తూర్పుకు పోతే అంతా ఇసుక దారి, బండి చక్రం కూరుకుపోతుంది. అందుకని నాన్న ఎక్కడికైనా ఆ తట్టు మీదే వెళ్లేవాడు. ఎక్కువగా వెళ్లింది అక్కుపల్లి వైపు, మా అక్కను ఇచ్చిన ఊరికి. కూతురికి బిడ్డ పుట్టేదాకా ఆ ఇంట్లో తల్లిదండ్రులు మెతుకు ముట్టకూడదు గనక, ఆయన అరుగు మీద కూర్చుని మాట్లాడి లేచి వచ్చేసేవాడు. తట్టుకు అలాంటి పట్టింపులేవీ లేవు. అక్క దానికి పనస తొక్కలు, నానబెట్టిన ఉలవలు, చివర్లో బెల్లం ముక్క పెట్టేది. నాన్న మాడిన కడుపుతోనూ, అది నిండిన కడుపుతోనూ ఇల్లు చేరేవారు.

"వియ్యాలోరి మర్యాదలన్నీ దీనికే జరిగిపోతన్నాయి" అనేది మా అమ్మ.

ఒక వానాకాలం నాన్నకు మోకాళ్లు పట్టేశాయి. ఇక తట్టును ఏం చెయ్యాలన్నది ఇంట్లో రోజూ మాటయింది. పలాసలో జట్కా తోలేవాడొకడు అమ్మమని తిరుగుతున్నాడు. అమ్మ మాత్రం బావకు ఎరువివ్వమంది, వాడుకుని తిరిగిచ్చేట్టు. బావ చిన్నతనంలో కొబ్బరిచెట్టు మీంచి పడ్డాడు, ఎడమకాలు కురచ. ఇసుకలో తోటల వెంట తిరగడానికి నానా అవస్థా పడేవాడు.

"ఎరువిత్తే ఏటి పోయింది? అల్లుడు ఎక్కుతాడు, గుర్రం మనదే" అంది అమ్మ.

"అల్లుడికిచ్చింది ఎరువేటే? రేపు నాను ఎల్లి, బాబూ నా గుర్రం నాకిచ్చీ అని అడుగుతానా? అల్లుడింటికెల్లిందంటే ఎల్లిపోడమే" అన్నాడు నాన్న.

ఆయన అన్నది నిజమే. మా ఇళ్లలో అల్లుణ్ణి దేన్నీ తిరిగి అడగరు. అక్క పెళ్లినాడు నీళ్లు కాచడానికని వెళ్లిన మా గంగాళం ఇప్పటికీ అక్కడే ఉంది.

నేను మాత్రం ఉంచాలన్నాను. నాకప్పుడు ఇరవై రెండేళ్లు. మీసం అప్పుడే తిరుగుతోంది. పర్లాకిమిడి నుంచి కొత్తగా కిర్రుచెప్పులు తెప్పించుకున్నాను, అవి తొడుక్కుని గుర్రమెక్కితే ఎలా ఉంటానో చాలాసార్లు ఊహించుకున్నాను. నిజంగా ఎక్కింది మాత్రం రెండుసార్లే. రెండుసార్లూ తాడు నాన్న చేతిలోనే ఉంది.

"సరే, రేపు పలాస టేసను దాకా ఎల్లి రా. దానిమీదే తిరిగొత్తే ఉంచుదాం. నేదంటే జట్కావోడికి అమ్మీద్దాం" అన్నాడు నాన్న.

మర్నాడు పొద్దున్నే జీను నేనే కట్టాను. అక్కడే తప్పు జరిగింది. కడుపు కింద పట్టీ బిగించేటప్పుడు ఆ తట్టు ఊపిరి బిగబట్టి పొట్ట ఉబ్బించేది. నాన్న సంగతి తెలిసినవాడు గనక, కాసేపు చుట్ట కాల్చుకుని, అది ఊపిరి వదిలాక మళ్లీ బిగించేవాడు. ఆ చుట్ట ఆయన అలవాటనుకున్నాను గాని అందులో పని ఉందని నాకు తెలియదు.

ఊరు దాటగానే దారి రెండుగా చీలుతుంది. పడమటికి పలాస, తూర్పుకు సముద్రం. తట్టు తూర్పుకు తిరిగింది. కళ్లెం లాగాను. అది ఆగి, మెడ తిప్పి, పిలవని పెళ్లికి వచ్చిన చుట్టాన్ని చూసినట్టు నన్ను చూసింది. మళ్లీ లాగాను. దానికి పనస తొక్కలు గుర్తొచ్చినట్టున్నాయి, పరుగందుకుంది. అరమైలు పోయేసరికి జీను పక్కకు జారింది, జీనుతోపాటు నేనూ జారాను. దారి పక్కన మొగలి డొంక ఉంది. మొగలి ఆకుకు రెండంచులా ముళ్లుంటాయని తెలుసు గాని, నడుమన కూడా ఉంటాయని ఆరోజే తెలుసుకున్నాను. తట్టు ఆగలేదు. నా కుడికాలి చెప్పు జీనుకు వేలాడే రికాబులో ఇరుక్కుని దానితోపాటే పోయింది.

ఇంటికి నడిచి వెళ్తుంటే దారంతా ఒకటే ఆలోచన. పడ్డానని చెబితే ఊరంతా నవ్వుతుంది. గుమ్మంలో నాన్న నిలబడి ఉన్నాడు.

"గుర్రమేదిరా?"

"దార్లో బావ అడ్డం పడినాడు. ఇది నాకే కావాలని లాక్కుని, ఎక్కీసి పోనాడు."

"ఆ గీతలేటి?"

"నాను కళ్లెం ఒగ్గలేదు. డొంకలోకి తోసీసినాడు."

కాలు కురచైన మనిషి నన్నెలా తోశాడని ఎవరూ అడగలేదు. అమ్మ నా కాళ్లకేసి చూసి, "సెప్పు కూడా లాక్కుపోనాడేట్రా?" అంది.

అవునన్నాను.

నాన్నకు అల్లుణ్ణి అడగడానికి లేదు, అడగకుండా మింగడానికీ లేదు. ఇక ఆ ఇంటి పేరెత్తడం మానేశాడు.

అక్కడ జరిగింది నాకు చాలా ఏళ్ల తర్వాత అక్క చెప్పింది. తట్టు వాకిట్లోకి వచ్చి నిలబడేసరికి జీను దాని పొట్టకింద వేలాడుతోంది, రికాబులో ఒంటి చెప్పు. బావకు మొత్తం అర్థమైంది. నేను ఎక్కడ పడి ఉన్నానోనని, జీను సర్ది, దాని మీదే డొంకలన్నీ వెతుక్కుంటూ వచ్చాడు. సాయంత్రానికి మా ఊరి బావి దగ్గరికి చేరాడు. అప్పటికే నా కథ అక్కడికి చేరిపోయింది. నీళ్లు తోడుకుంటున్న ఒకామె, "మళ్లీ వచ్చినావేటి బాబూ, రెండో సెప్పు కోసమా?" అంది.

"మా బామ్మర్ది బాగున్నాడా?" అని మాత్రం అడిగాడట. బాగానే ఉన్నాడనగానే తట్టును వెనక్కి తిప్పుకుని వెళ్లిపోయాడు.

నవ్వుకునే భాగం ఇంతవరకే. ఆ మరుసటేడు అక్క నీళ్లోసుకుంది. తొలి పురుడు పుట్టింట్లో జరగాలి. చలిమిడి పట్టుకుని మావాళ్లు వెళ్లి తీసుకురావాలి. నాన్న కదలలేదు. అమ్మ బతిమాలింది, ఏడ్చింది. నేను ఆ గదిలోనే ఉన్నాను. "పడ్డాను" అన్న ఒక్క మాట చాలు. లేచి దొడ్లోకి వెళ్లిపోయాను. తొమ్మిదో నెల నిండేదాకా అక్క దారి చూసి, అత్తవారింట్లోనే పురుడు పోసుకుంది. ఈ మేనకోడలు అప్పుడు పుట్టినదే.

పిల్లకు ఏడాదిన్నర వచ్చాక అక్కే వచ్చింది, పిల్లను ఒళ్లో పెట్టుకుని తట్టు మీద. బావ తాడు పట్టుకుని కుంటుతూ ముందు నడిచాడు. నాన్న కర్ర పట్టుకుని వాకిట్లోకి దిగాడు. అల్లుడి ముఖం చూడలేదు. తట్టు పళ్లు చూశాడు, గిట్టలు ఎత్తి చూశాడు, వీపు నిమిరాడు. "బాగా మేపినాడు" అని అమ్మతో అన్నాడు. తర్వాత మనవరాలికి చేతులు చాచాడు. రాకపోకలు మొదలయ్యాయి గాని, అల్లుడు దౌర్జన్యపు మనిషన్న మాట మాత్రం ఆయన మనసులోంచి పోలేదు. ఆ మాటతోనే కన్నుమూశాడు. నేను చెప్పలేదు.

ఆ తర్వాత ఒకసారి బావనే అడిగాను, ఎందుకు ఊరుకున్నావని.

"ముందు నీ పరువు పోద్దని ఊరుకున్నాను. తర్వాత గుర్రం మిగిలింది గదాని ఊరుకున్నాను. ఆ తర్వాత మీ అయ్య ముసిలోడైపోనాడు, కొడుకు అబద్దాలకోరని ఇప్పుడు సెప్పడమేటని ఊరుకున్నాను" అన్నాడు.

నిన్న ఇక్కడిదాకా రాసిన కాగితాలు పట్టుకెళ్లి బావకూ, అక్కకూ, మేనకోడలికీ చదివి వినిపించాను. పిల్ల ఏడుస్తుందనుకుంటే మొగలి డొంక దగ్గర పడీ పడీ నవ్వింది. కాగితాలు మడిచి పెట్టెలో పెట్టుకుంది, అత్తవారింట్లో అందరినీ కూర్చోబెట్టి చదువుతుందట. అక్క మాత్రం పురిటి సంగతి చదివేటప్పుడు లేచి లోపలికి వెళ్లింది. కాసేపటికి మంచినీళ్లతో వచ్చి నా చేతికిచ్చింది.

బయల్దేరేటప్పుడు పశువుల సాల దగ్గర ఆగాను. తట్టు పోయి చాలా ఏళ్లయింది. అది తిన్న తొట్టికి పైన, గోడ మేకుకు నా కిర్రుచెప్పు ఇప్పటికీ వేలాడుతోంది, ఎండి, ముడుచుకుపోయి.

"ఇంక అదిచ్చీ బావా" అన్నాను.

బావ తలుపు దగ్గరగా వేస్తూ, "అల్లుడింటికెల్లింది ఎరువేటి, బామ్మర్దీ?" అన్నాడు.