చిలకమ్మ వేషాన్ని చంపిందెవరు?

కరపత్రంలో వేషధారుల పేర్లన్నీ వేశారు, చిలకమ్మ పేరు తప్ప. ఆమెను ‘మరికొందరు’లో కలిపేశారు. నాటకంలో ప్రధాన పాత్ర, కూలి ముత్తేలు, ఆమెదే. అయినా చిలకమ్మ నోరెత్తలేదు. ఇటుకలు మోసే కూలిదానికి వేషమిచ్చారు, అదే పదివేలనుకుంది.

అది 1958 వేసవి. టెల్కో కార్ఖానా కాలనీ మైదానంలో తెలుగు సంఘం వారు ఆరు శనివారాలు, వారానికో భాగంగా ఆడదలచిన నాటకం. ముత్తేలు కోసం పర్సుడీహ్ బస్తీ నుంచి జనం నడిచి వచ్చేవారు. మూడో వారం ఆమె కాగితంలో లేని మాట అనేసింది. “కార్ఖానా గేటు కాడ బాబులకి కుళాయీ, మాకు మురిక్కాలవా?” చాపల మీది జనం ఈలలేశారు. ముందు కుర్చీలో ఉన్న కూలీల కంట్రాక్టరు చప్పట్లు కొట్టలేదు. స్టేజీ తెర ఆయనిచ్చిందే.

చిలకమ్మకు చదువు రాదు. పంతులమ్మ జయకుమారి చదివితే విని నేర్చుకునేది. సోమవారం జయకుమారి నాలుగో వారం భాగం చదువుతూ ఆగిపోయింది.

“ఏటి పంతులమ్మగోరూ?”

“ఈ వారమే ముత్తేలు జ్వరంతో చచ్చిపోతుందట.”

“మొన్నేగా తట్ట మోసింది! అంతట్లోకే జొరమేటి? ఆ కరపత్రం ఓపాలి సదవండి.”

జయకుమారి చదివింది. ‘ఆరో వారం: ముత్తేలు పెళ్లి.’

చిలకమ్మ తిన్నగా నాటకం రాసిన కార్యదర్శి జగ్గారావు దగ్గరికి వెళ్లింది.

“జనం మెచ్చినోళ్లు సస్తేనే నాటకం పండుతాది. నీకు తెల్దు,” అన్నాడాయన.

“తెల్దు బాబూ. మరి పెళ్లని అచ్చేసినప్పుడు తవరికీ తెల్దా? నేను నీళ్లడిగినాకే తెలిసిందా?”

జగ్గారావు ఆమె ముఖం చూడలేదు. “బస్, చాలు! ఇష్టం నేకపోతే మానెయ్.”

మానలేదు. శనివారం ముత్తేలు మంచం మీద పడుకుంది. అందరినీ క్షమించానని చెప్పి కన్నుమూయాలని కాగితంలో ఉంది. ఆమె ఆ మాటే ఎత్తలేదు. “నీళ్లు... నీళ్లు...” అంది, అంతే. చాపల మీంచి తోటి కూలి సన్యాసమ్మ చెంబుతో లేచింది. “ఉండవే అప్పా, తెత్తన్నా!” వెనకే మరో నలుగురు లేచారు. గబగబా తెర దించేశారు.

ఐదో వారం కుర్చీలు నిండాయి. చాపలు ఖాళీ. ఆరో వారం నాటకమే లేదు.

కథకు అవసరమైన చావు ఏదో, కుర్చీకి భయపడి రాసిన చావు ఏదో జనానికి తెలుసు. గేటు దగ్గర కూలీలకు కుళాయి మాత్రం ఇప్పటికీ లేదు. మీ సంఘం నాటకంలో నచ్చిన పాత్ర హఠాత్తుగా చస్తే, కళ్లు తుడుచుకుని ఇంటికి పోకండి. లేచి నిలబడి, ఎవరు చంపమన్నారో అడగండి. కరపత్రంలో ఆ చంపమన్న మనిషి పేరు వేయించండి. చిలకమ్మ అడిగిన నీళ్ల కోసం రేపు మీరూ గేటు దగ్గరికి రండి.