నేను చూడని ఎలుగు

పోయిన మంగళవారం పొద్దున ఆసుపత్రివాళ్లు ఫోను చేసి మా వియ్యంకుడు గారు పోయారని చెప్పారు. ఎత్తింది అల్లుడు. నాకు జర్మను రాదు, కానీ అతను పక్కన కుర్చీ ఉండగానే నేలమీద కూలబడటం చూసి అర్థమైంది. కరోనా రూళ్లట, కడసారి చూపుకు ఇద్దరినే రమ్మన్నారు. నన్ను వెళ్లమన్నా వెళ్లలేదు. నాకు మొహం చెల్లలేదు. ఎందుకో చెప్పడానికే ఇది రాస్తున్నాను. నేను అయిదో తరగతి దాటలేదు. అక్షరం తప్పులు మా అమ్మాయి దిద్దింది. విషయం మాత్రం దిద్దనివ్వలేదు.

పిల్లల్ని చూసిపోదామని జర్మనీలో ఈ వాల్డార్ఫ్ వచ్చి, విమానాలు ఆగిపోయి, ఇద్దరం ఒకే ఇంట్లో చిక్కుకున్నాం. పిల్లవాడి తండ్రీ పిల్ల తండ్రీ ఒకే బాత్రూం ముందు వంతు కోసం నిలబడటం మీరెక్కడైనా చూశారా? ఆయన విజయనగరం వైపు కాలేజీలో జంతుశాస్త్రం చెప్పి రిటైరయ్యారు. వయసులో ఉండగా రెండేళ్లు హిమాలయాల నల్ల ఎలుగుబంట్ల వెంట తిరిగారు. నేను నల్లమల అంచున బీడీల తునికాకు కల్లం నడిపినవాణ్ని. ఆ హిమాలయాల ఎలుగు మీద పుస్తకం రాయాలని ఆయనకు చిరకాలపు కోరిక. లాక్‌డౌన్‌లో మొదలుపెట్టారు.

రోజూ అడవి దాకా నడిచి ఓక్ కాయలు జేబుల్లో నింపుకొచ్చేవారు. అవి వాషింగ్ మెషీన్‌లో గడగడలాడితే మా అమ్మాయి, "మామయ్యగారూ, మళ్లీనా" అనేది. చలికాలం ముందు నల్ల ఎలుగు వీటితోనే ఒళ్లు పెంచుకుంటుందమ్మా అని ఆమెకే పాఠం చెప్పేవారు. కోపం ఆయనకు తెలియదు. నాకు అదొక్కటే తెలుసు.

బడులూ, కిటాలనే పసిపిల్లల కేంద్రాలూ మూసేశారు కదా, ఆదివారాలు ఇక్కడి తెలుగు పిల్లలకు కంప్యూటర్‌లో ఎలుగు కథలు చెప్పేవారు. హిమాలయాల దానికి జూలు దట్టం, ఛాతీమీద తెల్లటి నెలవంక. ఓక్ చెట్టెక్కి కొమ్మలు దగ్గరికి లాక్కుని కాయలు తిని, విరిగిన కొమ్మలను కిందేసుకుని గూటిలో కూర్చున్నట్టు కూర్చుంటుంది అన్నారు. నేను వెనకనుంచి అందుకున్నాను.

"ఎలుగు గూడు కట్టుడేంది బావగారు, గదేమన్న కాకి అనుకున్నరా?"

పిల్లలూ వాళ్ల అమ్మానాన్నలూ పడిపడి నవ్వారు. ఆయన మొహం ఒక్క క్షణం చిన్నబోయింది. తర్వాత తనూ నవ్వి, "తెలుగులో ఎలుగంటే గొంతు కూడానర్రా. మా బావగారికి దేవుడు ఆ ఎలుగు దండిగా ఇచ్చాడు" అన్నారు. ఈసారి నవ్వు నామీద. అది నాకు గుచ్చుకుంది.

సాయంత్రం ఆయనే నోటుబుక్కుతో నా దగ్గరికి వచ్చారు. నల్లమల ఎలుగు వేరు జాతి, చెదలు తింటుంది, చలికాలం నిద్రపోదు, మీరు దగ్గర్నుంచి చూశారా అని అడిగారు. నా పుట్టుకలో నేను చూసింది అది తవ్విన పుట్ట, దాని పెంట, ఒకసారి పొదలో కదలిక. ఆ పొద దగ్గర్నుంచి కూడా వెనక్కి చూడకుండా పరుగెత్తాను. అయినా అన్నాను: "చూసుడా? గుహల పండుకుంటే పక్కన కూసున్న. చలికాలం మొత్తం లేవలే."

అబద్ధం అంటారనుకున్నాను. ఇది ఏ పుస్తకంలోనూ లేదన్నారు. కళ్లద్దాలు తీసి, "చూసినవాడి ముందు చదివినవాడు చెప్పులు విడిచి నిలబడాలి బావగారూ" అన్నారు. ఇంటిపేరుతో సహా నా పేరు రాసుకున్నారు. నేను ఆపలేదు. రోజుకొకటి అడిగేవారు, రోజుకొకటి అల్లేవాణ్ని. గుహ వాసన చెప్పాను. కూనలు రెండని చెప్పాను. టీ ముందు నాకు పోయించి తర్వాత ఆయన తాగేవారు.

టీకాకు టెర్మిన్, అదే అపాయింట్‌మెంట్, రాకముందే ఆయనకు దగ్గు మొదలైంది. ఆసుపత్రిలోకి మమ్మల్ని రానివ్వలేదు. నర్సమ్మ ఫోను పట్టుకుంటే తెరమీద మాట్లాడాం. కొడుకుతో, కోడలితో అయ్యాక నన్ను పిలిచారు.

"బావగారూ... ఆ గుహలో ఎలుగు... ఊపిరి ఎంతసేపటికోసారి తీసేది? అది అడగడం మర్చిపోయాను."

చూడలేదు బావగారు అనే మాట నాలుక చివరిదాకా వచ్చింది. పక్కన అల్లుడు, కూతురు. పరువు అడ్డొచ్చింది.

"నిదానంగ బావగారు. మస్తు నిదానంగ."

అల్లుడు ఆ రాతలు అచ్చు వేయిస్తానంటున్నాడు. నా పేరున్న పేజీలన్నీ కొట్టేయమని అతనికి నిన్ననే చెప్పాను. ఎందుకని అడిగాడు, చెప్పాను. లేచి లోపలికి పోయాడు. మీకూ చెబుతున్నాను. నల్లమల ఎలుగు చలికాలం నిద్రపోదు. ఆయన చదివిందే నిజం.

ఆ రోజు నా జవాబు విని ఆయన తలాడించారు. కళ్లు మూసుకుని, నేను చెప్పినట్టే నిదానంగా ఊపిరి తీయాలని చూశారు. ఒకటి. చాలాసేపటికి ఇంకొకటి. నర్సమ్మ ఫోను తిప్పేదాకా, దుప్పటిమీద ఆయన చూపుడువేలు నోటుబుక్కులో రాసుకుంటున్నట్టు కదులుతూనే ఉంది.